తొంభై ఏడో గడిలో సూది

ఆ పామును గీసింది నేనే. ఎవరో గీసిస్తే నేను వరండాలో పరిచానని చెప్పుకుంటే కొంచెం బరువు తగ్గుతుందేమో గానీ, అబద్ధమాడే ఓపిక కూడా లేదిప్పుడు. ఆకుపచ్చ పెయింటుతో మూరెడు తల, ఎర్ర నాలుక, కోర ఉండాల్సిన చోట ఇంజెక్షన్ సూది. తొంభై ఏడో గడిలో నోరు, నాలుగో గడిలో తోక. గీసిన రోజు నాలుగడుగులు వెనక్కి జరిగి చూసుకుని, ‘అబ్బ, ఎంత బాగా కుదిరిందే తబితా’ అని నన్ను నేనే మెచ్చుకున్నాను. నా చేతులు పడిపోను!

నేను ఏఎన్‌ఎంని. మణుగూరుకు ఇవతల, అడవి అంచున ఇప్పగుంపులో పల్లె దవాఖానా నాది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఒకవైపు బొగ్గు గనిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు, ఇంకోవైపు తండా, మధ్యలో నేనూ నా మందుల పెట్టె. తబితమ్మకు నోటిదురుసు అని ఊరంతా అంటారు. ఉంటే ఏం? నాలుగు వందల షుగరు పెట్టుకుని చుట్టాలింట్లో రెండోసారి పరమాన్నం వేయించుకునే మనిషిని ముద్దు చెయ్యమంటారా?

గురువారం షుగరు, బీపీల రోజు. యాభై అరవై మంది వస్తారు. వేలు చాపుతారు, గుచ్చించుకుంటారు, మాత్రలు కొంగున కట్టుకుని వెళ్ళిపోతారు. ఏం తినాలి, ఏం తినకూడదు, కాళ్ళు ఎలా చూసుకోవాలి అని గోడకు చార్టు పెట్టి రెండేళ్ళు గొంతు చించుకున్నాను. ఒక్కరు విన్నా ఒట్టే! నేను అటు చెబుతుంటే ఇటు వరండాలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసుకుని ఆడుకునేవాళ్ళు. తండా నుంచి వచ్చే ద్వాలికి అక్షరం ముక్క రాదు. కానీ ఎవరి కాయ ఏ గడిలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. సాయంత్రం వేసుకోవాల్సిన మాత్ర ఏదంటే మాత్రం తెల్లమొహం వేసేది.

అప్పుడు తట్టింది నాకు. చెబితే విననివాళ్ళు ఆడితే నేర్చుకుంటారు కదా అని. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి కరెంటు స్తంభానికి వేలాడుతుంటే విప్పుకొచ్చాను. దాని వెనక తెల్లవైపున పాములూ నిచ్చెనల ఆటకు వంద గడులు గీశాను. పొద్దున్నే నడిస్తే నిచ్చెన. జొన్నరొట్టె తింటే నిచ్చెన. అరికాళ్ళకు అద్దం పెట్టి చూసుకుంటే ఇంకా పెద్ద నిచ్చెన. చాయ్‌లో చక్కెర వేస్తే పాము. చెప్పుల్లేకుండా నడిస్తే పాము. పండగని మాత్రలకు సెలవిచ్చినవాళ్ళకు లావుపాటి పాము. వందో గడిలో ‘మనవరాలి పెళ్ళి’ అని రాశాను. ఆ పెళ్ళికి సొంత కాళ్ళమీద నడిచి వెళ్ళినవాళ్ళు గెలిచినట్టు.

తొంభై ఏడో గడి ఎందుకలా చేశానంటే, మా దవాఖానాల్లో ఒక పాడు అలవాటు ఉంది. డాక్టరు నుంచి ఆయా దాకా అందరికీ ఉంది. మాత్రలు సరిగ్గా వేసుకోనివాళ్ళను సూది పేరు చెప్పి బెదిరిస్తాం. “గిట్లనే చేసినవనుకో, ఇగ నీకు ఇన్సులినే” అంటాం. పిల్లలకు పోలీసుల పేరు చెప్పి అన్నం తినిపించినట్టు. నేను చేరిన రోజు నుంచీ వింటున్నాను, అంటున్నాను. ఆట గీస్తుంటే కూడా అదే చేతిలోకి వచ్చింది. అన్నిటికంటే పెద్ద పాముకు ఇన్సులిన్ అని పేరు పెట్టాను. పెళ్ళి మూడు గడుల దూరంలో ఉండగా కాటేసి నాలుగుకు దింపేస్తుంది. భయపడాలి మరి!

యోనన్న లేకపోతే ఆ ఆట వరండా దాటేది కాదు. ఆయన ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపరుకు డ్రైవరు, మా ప్రార్థన మందిరంలో సంఘపెద్ద. యాభై ఎనిమిదేళ్ళు. పదిహేనేళ్ళుగా షుగరు. భార్య జోజమ్మకూ ఉంది, ఆమెది ఎనిమిదేళ్ళది. ఇద్దరూ గురువారం గురువారం చెయ్యీ చెయ్యీ పట్టుకున్నంత పనిచేసి వచ్చేవాళ్ళు. మొదటి రోజు నా చేతిలో పాచిక చూసి యోనన్న మొహం చిట్లించాడు.

“పాచికలు విశ్వాసులకు తగవమ్మా. చింతగింజలు తే, అరగదీసిస్త,” అన్నాడు.

నాలుగు చింతగింజలు బండకు రుద్ది ఒకవైపు తెల్లగా చేసిచ్చాడు. అంతటితో ఆగలేదు, ఒక నియమం కూడా పెట్టాడు. ఎక్కినా దిగినా ఊరికే కాయ జరపకూడదు. ఎందుకు ఎక్కుతున్నారో, ఎందుకు దిగుతున్నారో గట్టిగా చెప్పాలి. చెప్పలేకపోతే ఒక ఆట పోయినట్టే. “చెప్పి దిగు, చెప్పి దిగు,” అని బల్లమీద చరుస్తూ వెంటపడేవాడు. తొంభై ఏడు దగ్గర చెప్పాల్సిన మాట కూడా ఆయన కట్టిందే: “మాట ఇనలే, మాత్రలు ఎగ్గొట్టిన, గందుకే సూదికి వచ్చిన.” అది చెప్పించి అందరూ ఘొల్లున నవ్వేవాళ్ళు. నేను కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం హాల్లోనూ ఆడటం మొదలైంది. సర్పమంటే మా సంఘంలో సాతానే, వేరే చెప్పనక్కర్లేదు కదా. పాస్టరు షాలేమ్‌రాజు అయ్యగారు ఒక వారం ఆ పాము మీదే ప్రసంగం చేశారు. మెలకువగా ఉన్నవాడు దాని నోట పడడనీ, ఆశపడ్డవాడే పడతాడనీ. ముసలివాళ్ళు ఆ సూది నోటికి చిక్కకుండా కాపాడమని ప్రార్థనలో అడుక్కోవడం నా చెవులారా విన్నాను. విని మురిసిపోయాను. ఆర్నెల్లలో మాత్రలు మింగేవాళ్ళు రెట్టింపయ్యారు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి, ఆ ఫ్లెక్సీ పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు అరడజను మంది చూశారు ఆ పామును. ఇదేంటమ్మా అని ఒక్కరడగలేదు.

పోయిన ఆగస్టులో యోనన్న చొక్కా వదులైంది. ఎనిమిది కిలోలు తగ్గాడు. మూత్రానికి ఊరికే లేస్తున్నాడని జోజమ్మ చెప్పింది. గుచ్చి చూస్తే నాలుగు వందల ముప్పై. ఆ రోజు డాక్టరు హేమలత కూడా దవాఖానాలోనే ఉంది. చిన్న వయసే గానీ నెమ్మదైన మనిషి.

“యోనాగారూ, ఇన్సులిన్ మొదలుపెడదాం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, తినే ముందు,” అంది.

యోనన్న నవ్వాడు. “నాకెందుకమ్మా? నేనొక్క మాత్ర ఎగ్గొట్టలే. కావాలంటే మా ఆమెనడుగు.”

“ఎగ్గొట్టారని కాదండీ. పదిహేనేళ్ళయింది. లోపల ఇన్సులిన్ తయారయ్యే చోటు అలసిపోయింది, మాత్రలతో ఇక లాగలేం. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

ఆయన డాక్టరు వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ అన్నం సహించనివ్వదు.

“తబితమ్మా, నేనేడ దప్పిన?” అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? నా వెనక లైనులో నలభై మంది ఉన్నారు, రిజిస్టరు నిండలేదు, ఉక్క పోస్తోంది. “ఏసుకో అన్నా, ఏం గాదు. చీమ కుట్టినట్టుంటది,” అన్నాను. ఆ మనిషి తన తప్పేమిటని అడుగుతుంటే నేను నొప్పి సంగతి చెప్పాను. వాడే పద్ధతి చూపించి, మూడు సీసాలు, సిరంజీలు సంచిలో పెట్టి పంపేశాను.

ఆ తర్వాత ఎప్పుడడిగినా ఏసుకుంటున్న అనేవాడు. గురువారం రావడం తగ్గించాడు, డ్యూటీ ఉందనేవాడు. వచ్చినప్పుడు గుచ్చితే మూడు వందల తొంభై, నాలుగు వందల పది. మోతాదు చాలట్లేదేమో అని డాక్టరూ నేనూ అనుకున్నాం. సంఘపెద్ద అబద్ధం చెబుతాడని ఎవరనుకుంటారు? ఆరు వారాలు గడిచాయి.

ఒక బుధవారం పొద్దున జోజమ్మ క్యారీబ్యాగులో ఏదో చుట్టుకుని వచ్చింది. విప్పితే మేజోడు. అరికాలి దగ్గర పచ్చగా, ఎర్రగా అట్ట కట్టి ఉంది. వాసన ముక్కుకు కొట్టింది.

“ఆయనది. నేను తెచ్చిన్నని చెప్పకు తబితా,” అంది.

చెప్పకుండా ఎలా ఉంటాను? సంచి తగిలించుకుని ఆమె వెంటే వెళ్ళాను. యోనన్న సెలవు పెట్టి మంచంమీద కూర్చుని ఉన్నాడు. కాలు చూపించమంటే చూపించడు. నేనే వంగి లాగాను. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ నల్లటి అంచు. బూటులో బొగ్గుపెళ్ళ పడితే డ్యూటీ దిగేదాకా తెలియలేదట. తిమ్మిరెక్కిన కాలికి ఎలా తెలుస్తుంది? నేను లేచి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. గుడ్ల పక్కన మూడు సీసాలు నిలబెట్టి ఉన్నాయి. మూతల మీద ప్లాస్టిక్ టోపీలు కూడా తీయలేదు.

గట్టిగా అరిచేశాను. “ఆరు వారాలు నాకు అబద్ధం జెప్పినవా అన్నా? సంఘపెద్దవి, నీకు సిగ్గుండాలె!”

“చెప్పిన. ఒప్పుకుంట,” అన్నాడు. “సిగ్గయ్యే చెప్పిన. అంత మందికి నేర్పినోన్ని. ఎందుకు దిగినవ్ యోనా, చెప్పి దిగు అంటే ఏమని చెప్పాలె? ఎగ్గొట్టిన అని చెప్పాల్నా? ఎగ్గొట్టలే గద నేను.”

“అది ఆట అన్నా! ఉత్త ఆట!”

“ఆట అని నువ్వెప్పుడు జెప్పినవమ్మా? పాఠం అని జెప్పినవ్. నేను పాఠమనే నేర్చుకున్న.”

జోజమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తోంది. పుండు కడిగి కట్టు కట్టాను, డాక్టరుకు ఫోను చేశాను. కాలికి ఖమ్మం వెళ్ళాల్సిందే, ఇన్సులిన్ ఈ రోజే మొదలుపెట్టాల్సిందే, లేకపోతే కాలే కాదు మనిషి కూడా దక్కడు అంది. స్పీకరులో పెట్టి ఆయనకు వినిపించాను. యోనన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సరే, తప్పు నాది కదా, నేనే దిద్దుతాననుకున్నాను. తెల్లారితే గురువారం. పెందలాడే దవాఖానాకు వెళ్ళి, ఆ పాము మీద తెల్ల పెయింటు కొట్టాను. అది ఆరేదాకా విసనకర్రతో విసిరి, తొంభై ఏడు నుంచి వందకు నిచ్చెన గీశాను. పక్కన ఇన్సులిన్ అని రాశాను. యోనన్నను బతిమాలి ఆటో ఎక్కించి తీసుకొచ్చి, వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అందరూ ఆడితే, నిచ్చెన ఎక్కితే, ఆయన మనసు మారుతుందని నా ఆశ. ఎంత తెలివో చూడండి నాకు!

ద్వాలి వచ్చి ఫ్లెక్సీ ముందు నడుంమీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. “ఏంది నర్సమ్మా, పెద్దపాము యాడికి వోయింది?”

“తప్పు గీసిన ద్వాలీ. సూది పాము గాదు. అది నిచ్చెన. అందరు ఇనుండ్రి,” అన్నాను.

“గట్లెట్ల? మొన్న నేను పడ్డనాడు పామే గదా? ఎగ్గొట్టిన అని చెప్పి నాలుగుకు దిగిన. నువ్వు గూడ నవ్వినవ్. యోనా పెద్దకు సూది రాసిన్రని ఇయ్యాల నిచ్చెన అయిందా?”

ఈ ఊళ్ళో ఫ్రిజ్‌లో ఏముందో కూడా దాగదు, అందరికీ ముందే తెలుసు. కానీ ఎవరూ పైకి అనలేదు. ఆయన మీద గౌరవం కొద్దీ ఊరుకున్నారు. ఆ గౌరవం కాస్తా నేను పెయింటు డబ్బా తెచ్చి తుడిచేశాను. ఆటలో పెద్దమనిషి పడ్డాడని గడి మార్చేస్తే ఒప్పుకుంటారా ఎవరైనా? నేనైనా ఒప్పుకోను. యోనన్న కుర్చీ పట్టుకుని లేచి, కుంటుకుంటూ రోడ్డు దాకా నడిచాడు. ఆటో కూడా ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నమే పాస్టరుగారింటికి వెళ్ళాను. అప్పుడే భోంచేసి పడుకున్నారు, లేపించాను. సంగతంతా చెప్పాను. పామును తిట్టిన నోటితోనే సూది మంచిదని చెప్పాలన్నాను.

షాలేమ్‌రాజు అయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “పుల్పిట్ మీద చెప్పిన మాట నేనే ఎట్ల వెనక్కి తీసుకోవాలె తబితమ్మా?”

“నోటితోనే తీసుకోండి అయ్యగారూ. నేను బ్రష్షుతో తీసుకుంటే ఏమైందో విన్నారు కదా. మనిద్దరం కలిసి ఆ మనిషిని చంపుతున్నాం.”

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చెప్పులు వేసుకుని నాతో వచ్చారు. మంచం పక్కన కింద కూర్చుని యోనన్న చేతులు పట్టుకున్నారు. నేను తెలియక మాట్లాడిన యోనా, నన్ను క్షమించు అన్నారు. ఒక పాస్టరు సంఘపెద్దను క్షమాపణ అడగడం నేనెప్పుడూ చూడలేదు. యోనన్న కళ్ళు తుడుచుకుని లేచి కూర్చున్నాడు.

“ఏసుకుంట అయ్యగారు. కానీ ఇంట్ల దాక్కోని ఏసుకోను. ఆదివారం మందిరంల, అందరు జూస్తుండంగ ఏసుకుంట. ఎవరెవరికి తప్పు నేర్పిన్నో వాళ్ళ ముంగటనే.”

“ఆదివారం దాకా ఎందుకన్నా? ఇప్పుడే వేస్తా,” అన్నాను.

“మూడొద్దులే గదమ్మా. నా మాట గిదొక్కటి ఇను.”

విన్నాను. చేతిలో సిరంజి ఉంది, ఫ్రిజ్‌లో మందుంది, ఎదురుగా మనిషున్నాడు. అయినా విన్నాను. ఎందుకంటే నాక్కూడా ఆశ కలిగింది. ఆయనొక్కడు అందరి ముందు వేసుకుంటే మిగతావాళ్ళంతా దారికొస్తారు, నేను గీసిన పాము చచ్చిపోతుంది అనుకున్నాను. నా తప్పు కడుక్కోవడానికి ఆయన మూడు రోజులు వాడుకున్నాను. ఇది నేను పాస్టరుగారికి కూడా చెప్పలేదు. డాక్టరు రోజూ ఫోను చేసి తిట్టింది. రోజూ వెళ్ళి కట్టు మార్చాను. నల్ల అంచు రోజుకింత పైకి పాకింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. ద్వాలి, తండావాళ్ళు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. యోనన్న కూతురు ఏంజెల్ ఖమ్మంలో స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. కారు మాట్లాడుకుని వచ్చి బయట సిద్ధంగా ఉంది. అయ్యగారు రెండే రెండు మాటలు మాట్లాడి పక్కకు జరిగారు. యోనన్న తెల్లచొక్కా వేసుకుని, జోజమ్మ భుజం పట్టుకుని ముందుకొచ్చాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“చెప్పి దిగాలని నేనే రూలు పెట్టిన. గందుకే చెప్తున్న,” అన్నాడు. “నేను మాత్రలు ఎగ్గొట్టలే. నోరు కట్టుకున్న. నడిచిన. అయినా సూదికొచ్చిన. ఇది దిగుడు గాదని తబితమ్మ అంటుంది, డాక్టరమ్మ అంటుంది. ఎగ్గొట్టిన అనే మాట నేనే కట్టి మీ నోళ్ళల్ల పెట్టిన. గది తప్పు. మీల ఎవరికన్న సూది రాస్తే సిగ్గువడకుండ్రి. ఏసుకోండ్రి.”

చొక్కా కొంచెం ఎత్తాడు. పొట్టమీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వేశాను. ఆయన కదల్లేదు. “చీమ గూడ కుట్టలే,” అన్నాడు. నవ్వారు అందరూ. ఆరాధన అయ్యాక తొమ్మిది మంది నా దగ్గరికొచ్చారు. వాళ్ళకు మణుగూరు ఆసుపత్రిలో ఇన్సులిన్ రాసి ఇచ్చి ఎన్నో నెలలైందట, ఎవరికీ చెప్పలేదట. ద్వాలి కూడా అందులో ఉంది, అందరికీ సీసాలిచ్చాను. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. యోనన్నను కారెక్కిస్తుంటే నా తలమీద చెయ్యి పెట్టి, “నిమ్మలంగుండు చెల్లె,” అన్నాడు.

మంగళవారం ఖమ్మంలో కాలు మోకాలి కింద దాకా తీసేశారు. అప్పటికే చీము విషం రక్తంలోకి పోయిందన్నారు. షుగరు మాత్రం రెండు వందలకు దిగింది, ఇన్సులిన్ తన పని తాను చేసింది. ఆలస్యమైన పని ఎంత బాగా జరిగితే ఏం లాభం? శుక్రవారం కిడ్నీలు ఆగాయి. పై సోమవారం పొద్దున ఏంజెల్ ఫోను చేసింది. “ఆంటీ, డాడీ...” అని ఆపేసింది.

సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడే నా వెనక గుసగుసలు వినబడ్డాయి. ఎవరిని తిడతాను? వాళ్ళు లెక్క పెట్టుకుంటున్నారు. ఆదివారం ఏసిన్రు, తొమ్మిదో దినానికి పాయె అని. ఆరు వారాలు వేసుకోలేదన్న సంగతి చెవిన పడిందే గానీ ఎవరి కంటా పడలేదు, అది ఫ్రిజ్ లోపల జరిగింది. వేసుకున్నది మాత్రం మందిరంలో, వెలుగులో, మూడు వందల మంది ముందు జరిగింది. వేసింది నేను.

గురువారం నా బల్లమీద సీసాలు వరసగా వచ్చి చేరాయి. ద్వాలి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది.

“నీ సామాను నీకే నర్సమ్మా.”

“ద్వాలీ, ఆయన సూది వల్ల పోలేదే! ఆలస్యం చేసి పోయిండు. ఆరు వారాలు ముందు ఏసుకుంటే ఈపాటికి డంపరు తోలుతుండె!” అని అరిచాను.

“ఏమో తల్లీ. నువ్వు చెప్పేది చెవులతోని ఇన్నం. ఆయనది కండ్లతోని చూసినం,” అని ఆమె వరండా దిగి వెళ్ళిపోయింది. తొమ్మిది మందిలో ఒక్కరు కూడా మిగల్లేదు. ఫ్లెక్సీ చింపి పొయ్యిలో పెట్టాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, దవాఖానా అంతా ప్లాస్టిక్ కాలిన కంపు.

దినాలన్నీ అయిపోయాక జోజమ్మకు గుచ్చి చూశాను. మూడు వందల ఎనభై. దుఃఖానికి పెరిగిందేమో అని పది రోజులు చూశాం. తగ్గలేదు. డాక్టరు ఇన్సులిన్ రాసింది. మందు పట్టుకుని నేనే ఇంటికి వెళ్ళాను. తప్పంతా నాదని, పాము గీసిన దగ్గర్నుంచి మూడు రోజులు ఆగిన దాకా ఏదీ దాచకుండా చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నీమీద నాకేం కోపం లేదు తబితా,” అంది నన్ను లేపుతూ. “కానీ నాకొద్దు. ఆయన నీ మాట ఇన్నడు గదా.”

అప్పటి నుంచి రోజూ పొద్దున ఆరింటికి వెళ్తున్నాను. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఆమె తలుపు తీస్తుంది, కుర్చీ వేస్తుంది, చక్కెర లేని చాయ్ చేతికిస్తుంది. మాత్రలు వేసుకున్నానని ఖాళీ రేకు చూపిస్తుంది. గుచ్చుతానంటే వేలు చాపుతుంది. ఇవాళ నాలుగు వందల పన్నెండు. నేను సంచిలో చెయ్యి పెట్టగానే మాత్రం ఆమె కొంగు పొట్ట చుట్టూ తిప్పి, గట్టిగా బిగించుకుని కూర్చుంటుంది.